విమానం నడిపింది స్నేహితుడే, పరిహారం ఎవరిని అడగాలి?

ప్రశ్న: టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నా ఫ్రెండ్‌కి ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది. నాలుగు నెలల క్రితం అద్దె విమానంలో ఇద్దరం వెళ్లాం. అద్దె, పెట్రోలు చెరి సగం పెట్టుకున్నాం. దిగేటప్పుడు రన్‌వేకి కాస్త ముందు కరెంటు తీగలు తగిలి పొలంలో పడ్డాం. ఇద్దరం బతికాం గానీ నా వెన్నెముక విరిగింది. ఒక సర్జరీ అయింది, ఇంకొకటి అవసరం కావచ్చంటున్నారు. ఫ్రెండ్ తరఫు ఇన్సూరెన్స్ వాళ్లు ఒకటే ఫోన్లు. సంతకం పెడితే చెక్ పంపిస్తామంటున్నారు. ఫ్రెండ్ మీద కేసు వేయడానికి మనసొప్పడం లేదు. ప్రభుత్వ దర్యాప్తు రిపోర్టు వచ్చేదాకా ఆగమంటారా? గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది, దానికేమైనా ఇబ్బందా?
- పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ముందు ఆ సంతకం సంగతి. వాళ్లు పంపే కాగితాన్ని ‘రిలీజ్’ అంటారు. దాని మీద సంతకం పడిందంటే, రేపు రెండో సర్జరీ ఖర్చు ఎంతయినా మళ్లీ అడగడానికి దారి ఉండదు. ట్రీట్‌మెంట్ ఎక్కడిదాకా వెళ్తుందో డాక్టరే చెప్పలేని దశలో అంత తొందర మీకు అవసరం లేదు, వాళ్లకే ఉంది. ఫోన్‌లో రికార్డు చేసుకుంటామని అడిగినా ఒప్పుకోనక్కర్లేదు. విమాన ప్రమాదాలపై దర్యాప్తు చేసే ప్రభుత్వ సంస్థ ఎన్‌టీఎస్‌బీ అధికారి అడిగితే మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పండి, అది వేరు.

ఇన్సూరెన్స్ తరఫున మీ క్లెయిమ్ చూసే అడ్జస్టర్ తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "మీరు పైలట్‌కి ఎంత ఇచ్చారు?" అమాయకంగానే వినిపిస్తుంది. ప్రైవేట్ పైలట్ డబ్బు తీసుకుని జనాన్ని తిప్పకూడదు. ప్రయాణికులతో కలిసి పెట్రోలు, ఆయిల్, విమానాశ్రయం ఫీజులు, అద్దె పంచుకోవచ్చు గానీ తన వాటా తను పెట్టుకోవాలి. మీరు సగం ఇచ్చారు కాబట్టి చిక్కు లేదు. అదే ‘టికెట్ డబ్బులు’ అని సరదాగా నోట్ రాసి జెల్ (Zelle) అనే పేమెంట్ యాప్‌లో పంపి ఉంటే, ఇది వ్యాపారపు ప్రయాణం, మా పాలసీ వర్తించదు అని అడ్డం తిరగొచ్చు. మీ పేమెంట్ స్క్రీన్‌షాట్ ఒకసారి తీసి చూసుకోండి. దాన్ని డిలీట్ మాత్రం చేయకండి.

ఇక ఫ్రెండ్ విషయం. కేసులో పేరు ఆయనదే ఉంటుంది. లాయర్‌ని పెట్టేదీ, పాలసీ పరిమితి దాకా డబ్బు కట్టేదీ మామూలుగా ఇన్సూరెన్స్ కంపెనీయే. ఈ మాట ఆయనకు ముందే చెప్పి కేసు వేస్తే స్నేహం చెడదని నా అభిప్రాయం. చిక్కల్లా ఆ పరిమితి దగ్గరే. చిన్న విమానాల పాలసీల్లో ప్రమాదానికి 10 లక్షల డాలర్లు అని ఘనంగా రాసి, కిందనే ప్రయాణికుడికి 1 లక్షే అని పెట్టడం మామూలు. వెన్నెముక సర్జరీకి లక్ష ఏ మూలకు? పైగా విమానం అద్దెది. అద్దెకిచ్చిన క్లబ్బు పాలసీ చాలాసార్లు యజమానిని కాపాడుతుందే తప్ప అద్దెకు తీసుకున్నవాళ్లని కాదు. అద్దె విమానం నడిపేవాళ్లు సొంతంగా తీసుకునే రెంటర్స్ పాలసీ ఫ్రెండ్‌కి విడిగా ఉందేమో కనుక్కోండి. అసలు ప్రైవేట్ పైలట్‌కి ఇన్సూరెన్స్ ఉండి తీరాలని ఫెడరల్ చట్టం ఏదీ లేదు. కేసు దాఖలయ్యాక పాలసీ కాపీ ఇవ్వక తప్పదు, ఈలోపు రాతపూర్వకంగా అడగండి.

తీగల కంపెనీ మీద కేసు నిలబడుతుందా అంటే, అది ఎత్తునూ చోటునూ బట్టి ఉంటుంది. నేల నుంచి 200 అడుగులు దాటే కట్టడానికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకి ముందే నోటీసు ఇవ్వాలి. రన్‌వే దగ్గర్లో అంతకంటే తక్కువ ఎత్తున్నా ఇవ్వాల్సి రావచ్చు. మీరు తగిలింది రన్‌వే ముందరే కాబట్టి, ఆ లైనుకి నోటీసు ఇచ్చారా, తీగలు పైలట్లకు కనబడేలా రంగు బంతులు కట్టాల్సి ఉండిందా అని చూడటం దండగ కాదు. ఆ కంపెనీ కూడా తన నష్టం ఫ్రెండ్‌నే అడుగుతుందని మరిచిపోకండి. 2022 నవంబర్‌లో మేరీల్యాండ్‌లోని గేథర్స్‌బర్గ్ దగ్గర ఒక చిన్న విమానం హైటెన్షన్ టవర్‌లో ఇరుక్కుంటే లోపలి ఇద్దరూ బతికారు గానీ, వేలాది ఇళ్లకు కరెంటు పోయింది. అలాంటి బిల్లులన్నీ ఆ ఒక్క పాలసీ మీదే వచ్చి పడతాయి.

రిపోర్టు కోసం మాత్రం ఆగకండి. ఎన్‌టీఎస్‌బీ తుది నివేదికకు ఏడాది, రెండేళ్లు పట్టడం మామూలే. తీరా వచ్చినా, ప్రమాదానికి కారణం ఇదీ అని బోర్డు తేల్చిన మాటను నష్టపరిహారం కేసులో సాక్ష్యంగా వాడటాన్ని చట్టమే నిషేధించింది. దర్యాప్తు అధికారి రాసిన వాస్తవాల భాగం పనికొస్తుంది. టెక్సాస్‌లో గాయాల కేసుకి గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి 2 ఏళ్లు. ఆ విమానాశ్రయం ఊరిదో కౌంటీదో అయి, వాళ్ల తప్పు కూడా ఉందనిపిస్తే 6 నెలల్లోపే నోటీసు అందాలి. కొన్ని ఊళ్ల చార్టర్లలో, అంటే ఆ ఊరి పాలనా నిబంధనల్లో, గడువు ఇంకా తక్కువ. మీకు ఇప్పటికే నాలుగు నెలలు గడిచాయి, ఈ వారమే లాయర్‌ని కలవండి.

దర్యాప్తు పూర్తయ్యాక శకలాలు యజమాని చేతికో ఇన్సూరెన్స్ చేతికో వెళ్తాయి, అక్కడి నుంచి తుక్కు కింద అమ్ముడైపోతాయి. ఇంజిన్, జీపీఎస్, ఫ్రెండ్ ఐప్యాడ్‌లోని ఫ్లైట్ డేటా చెక్కుచెదరకుండా ఉంచమని మీ లాయర్ వెంటనే లెటర్ పంపాలి. ఇంజిన్ మొరాయించి ఎత్తు తగ్గిందా, పైలట్ తీగలు చూసుకోలేదా అన్నది అక్కడే తేలుతుంది.

వచ్చే డబ్బంతా మీ చేతికే రాదు. ఆస్పత్రికి లీన్, అంటే తన బిల్లు ఆ డబ్బులోంచి రాబట్టుకునే హక్కు, ఉండొచ్చు, మీ హెల్త్ ఇన్సూరెన్స్ కూడా తను కట్టింది తిరిగివ్వమంటుంది. సెటిల్‌మెంట్‌కి ముందే ఆ లెక్కలు తేల్చుకోండి.

గ్రీన్‌కార్డ్ గురించి టెన్షన్ పడకండి. గాయపడి పరిహారం అడగడం సివిల్ వ్యవహారం, నేరం కాదు. దాన్ని కారణంగా చూపి దరఖాస్తు తోసిపుచ్చరు. సెలవు పొడిగించాల్సి వస్తే మాత్రం మీ కంపెనీ ఇమిగ్రేషన్ లాయర్‌కి ముందే చెప్పండి.