అమ్మలూ, ఐవీఎఫ్ మొదలుపెట్టే ముందు ఇది చదువుకో

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో "మొదటి స్కాన్‌లో పద్నాలుగు ఫాలికిల్స్ కనపడ్డాయట పెద్దమ్మా, పద్నాలుగు ఛాన్సులున్నట్టేగా" అన్నావు. ఆ సంతోషానికి అడ్డు చెప్పడానికి నాకు నోరు రాలేదు. కానీ సంతాన సాఫల్య కేంద్రంలో ఇరవయ్యేళ్లు నర్సుగా చేసినదాన్ని. ఇప్పుడు చెప్పకపోతే రేపు నువ్వు ఏడుస్తావు.

ఐవీఎఫ్ అంటే అండాలు బయటికి తీసి, ల్యాబ్‌లో వీర్యకణాలతో కలిపి, తయారైన పిండాన్ని గర్భసంచిలో పెట్టడం. ఫాలికిల్ అంటే అండం పెరిగే చిన్న నీటి సంచి. మామూలుగా నెలకి ఒక అండమే పండుతుంది. నెలసరి రెండో రోజో మూడో రోజో మొదలుపెట్టే ఇంజెక్షన్లు మిగతావాటిని కూడా పెంచుతాయి. సుమారు పది రోజులు, పొట్ట మీద చర్మం కింద వేస్తారు. రెండు మూడు రోజులకోసారి స్కాన్ ఉంటుంది. పెద్ద ఫాలికిల్స్ 18 మిల్లీమీటర్ల దాకా వచ్చాక, అండాలు పూర్తిగా పండడానికి ట్రిగ్గర్ ఇంజెక్షన్ రాస్తారు. దాని టైమ్ మాత్రం అటూ ఇటూ కాకూడదు. రాత్రి పదిన్నర అంటే పదిన్నరే. అది పడ్డాక 34 నుంచి 36 గంటల మధ్యలో అండాలు తీస్తారు. తొందరపడితే పండవు, ఆలస్యమైతే వాటంతటవే విడుదలైపోతాయి. నువ్వొక అలారం, అల్లుడుగారొక అలారం పెట్టుకోండి. తీసేటప్పుడు మత్తిస్తారు, కోతా కుట్లూ ఉండవు.

అసలు సంగతి ఆ తర్వాత. పద్నాలుగు ఫాలికిల్స్‌లో పదకొండు అండాలు దొరకొచ్చు. వాటిలో తొమ్మిదే పండి ఉండొచ్చు. వీర్యకణాలతో కలిపిన మర్నాడు చూస్తే ఆరు ఫలదీకరణ చెంది ఉంటాయి. ఐదో రోజు పిండాలుగా నిలిచేవి మూడో, రెండో. అందరికీ ఇదే లెక్క కాదు, కానీ తగ్గడం మాత్రం అందరికీ ఉంటుంది.

ఆ సంఖ్యలు ఫోన్ చేసి చెప్పే పని నాదే. "రెండేనా సిస్టర్, నేనేం తప్పు చేశాను?" అని అడిగేవాళ్లు. ఏ తప్పూ లేదు తల్లీ. మామూలుగా గర్భం వచ్చేవాళ్లలో కూడా చాలా పిండాలు మొదటి రోజుల్లోనే ఆగిపోతాయి. కడుపులో జరిగేది కాబట్టి ఎవరికీ తెలియదు. ల్యాబ్‌లో రోజూ లెక్కపెట్టి చూస్తారు కాబట్టి నీకు తెలుస్తుంది, అంతే తేడా.

రెండు పిండాలు పెట్టిస్తే కవలలు పుడతారని మీ అత్తగారు అంటున్నారట. కవలలైతే నెలలు నిండకుండా కాన్పు కావడం, తల్లికి బీపీ రావడం ఎక్కువ. మంచి పిండం ఒక్కటి పెట్టించుకుని మిగిలినవి ఫ్రీజ్ చేయించుకో. పెద్దావిడకి నువ్వు చెప్పలేకపోతే డాక్టరమ్మ చేత చెప్పించు. ఫ్రీజింగ్‌కి ఏడాదికెంత, మందులకి వేరేగా ఎంత, ముందే కాగితం మీద రాయించుకోండి.

పిండం పెట్టాక మంచం దిగకుండా పడుకోనక్కర్లేదు, నడిస్తే జారిపోయేది కాదది. కానీ అండాలు తీసిన తర్వాత పొట్ట బాగా ఉబ్బినా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా, ఒక్కసారిగా బరువు పెరిగినా అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. మందుల ప్రభావం శరీరం మీద ఎక్కువైనప్పుడు అలా అవుతుంది, ఓర్చుకుని కూర్చోకూడదు.

ఇంట్లో టెస్టు కిట్‌తో ముందే చూసుకోకు. ట్రిగ్గర్ మందు ఇంకా ఒంట్లో ఉంటే లేని గర్భాన్ని ఉందని చూపిస్తుంది. అలా మోసపోయి బంధువులందరికీ చెప్పేసినవాళ్లని చూశాను. పిండం పెట్టిన పది, పద్నాలుగు రోజుల మధ్య చేసే, గర్భం వచ్చిందో లేదో చెప్పే బీటా రక్తపరీక్షే నమ్ము.

బీటా రిపోర్టు మాత్రం ఒక్కదానివే తెరవకు. అల్లుడుగారిని ఆ రోజు సెలవు పెట్టమను. నేను ముందురోజు రాత్రి బండికే బయల్దేరి వస్తాను.

మీ పెద్దమ్మ