బుజ్జికి, షాఫ్టుల షాపు తెరిచే ముందు

చి. బుజ్జికి,
మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ఉద్యోగం మానేసి ఆటోనగర్‌లో షెడ్డు అద్దెకు తీసుకుంది, నువ్వే ఎక్కించావు కదా?" అని నన్ను నిలదీసింది. నాకు తెలిస్తే కదా ఎక్కించడానికి! ముప్పై ఏళ్ళు గాజువాక సందుల్లో గ్రీజు పూసుకుని తిరిగినవాణ్ణి నేను. నువ్వు అడ్వాన్సు కట్టేశాక నాకు తెలిసింది. కోపం వచ్చింది, దాచుకోను. కానీ ఫోన్ పెట్టేయగానే "దాని షాపు బోర్డు ఏ రంగులో రాయిస్తోందో" అని అడిగానట. మీ అత్తయ్య పొద్దుట్నించీ అదే మాట చెప్పి నవ్వుతోంది.

ఇంజను శక్తిని చక్రాలకో మిషనుకో అందించే ఈ తిరిగే షాఫ్టుల్లో లారీవి వద్దు, చెక్క చిప్పర్లవీ (దుంగల్ని ముక్కలు చేసే మిషన్లు), దుంగలు ఎత్తే లోడర్లవీ, కలప లాగే ట్రాక్టర్లవీ మాత్రమే చేస్తానన్నావట. అక్కడ నీ బుర్ర బాగా పనిచేసింది. లారీ షాఫ్టుకి ఆటోనగర్‌లో అడుగడుక్కీ ఒక షాపుంది. అనకాపల్లి, విజయనగరం, శ్రీకాకుళం వైపు సరుగుడు, జామాయిల్ కొట్టి పేపరు మిల్లులకి పంపేవాళ్ళ మిషను ఆగితే మాత్రం వాళ్ళు ఊళ్ళు పట్టుకుని తిరగాలి.

జీఎస్టీ, త్రీ ఫేజ్ కనెక్షన్, షెడ్డు అగ్రిమెంటు, ఇన్సూరెన్సు: ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు, చూసుకో. అప్పు ఇవ్వకు. ఇచ్చినా నోట్‌బుక్కులో రాయి. కొత్త షాఫ్టుని సంచి చుట్టకుండా గోడకి ఆనించకు. మన సముద్రపు గాలికి స్ప్లైన్ల (షాఫ్టు చివర పళ్ళు) మీద తుప్పు ఎంత త్వరగా వస్తుందో వేరే ఊరి మెకానిక్కి చెప్తే నమ్మడు.

ఇప్పుడు పని సంగతి. లారీ షాఫ్టు హైవే మీద సాఫీగా తిరుగుతుంది, కోణం చిన్నది, లోడు నిలకడగా ఉంటుంది. అడవి మిషను షాఫ్టు బతుకు వేరు. మొన్న నువ్వు పంపిన వీడియో చూశాను. స్వీడన్ మంచులో ఎనిమిది చక్రాల ఫార్వర్డర్ దుంగలు మోసుకుంటూ మొద్దుల మీదుగా పోతోంది, నడుం దగ్గర మడత పడుతోంది. ఆ మడతలోంచే వెనక ఇరుసులకి షాఫ్టు వెళ్ళాలి. మన చిప్పర్‌కి అంత వంపు లేకపోయినా దెబ్బ అదే. దుంగ నోట్లోకి వెళ్ళగానే లోడు సుత్తితో కొట్టినట్టు వస్తుంది.

లెక్క వేసి చూడు. 60 హెచ్‌పీ ట్రాక్టరు, పీటీవో (వెనక మిషనుని తిప్పడానికి ట్రాక్టరుకి ఉండే ఇరుసు) 540 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 540 చుట్లు. షాఫ్టు మీద పడే మెలి సుమారు 80 కిలోగ్రామ్ మీటర్లు. అంటే మీటరు పొడుగు పానా చివర 80 కిలోల మనిషి నిలబడ్డట్టు. అదే హెచ్‌పీ 1000 ఆర్‌పీఎం దగ్గరైతే 43 చాలు. అది కూడా ఏ జామూ లేకుండా నడిచేటప్పుడు. దుంగ ఇరుక్కుంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇంజను హెచ్‌పీ చూసి షాఫ్టు సైజు చెప్పేవాణ్ణి షాపు మెట్లు ఎక్కనివ్వకు. ఏం నరుకుతున్నారు, ఎంత లావు, పచ్చిదా ఎండుదా, రోజుకి ఎన్ని గంటలు, ఇవి అడిగాకే క్రాసు (జాయింటు మధ్యలో ఉండే నాలుగు కాళ్ళ ముక్క) సైజు నిర్ణయించు. కుదిరితే దాని కాళ్ళకి తొడిగే బేరింగ్ కప్పుల్ని సర్క్లిప్‌తో ఆపేవి కాకుండా బోల్టులతో బిగించే వింగ్ బేరింగ్ రకం పెట్టు. ట్యూబు దొరకలేదని బోరు పైపు ముక్క వెల్డింగ్ చేశావని నాకు తెలిస్తే మాత్రం మన మధ్య మాటలుండవు.

పీటీవో చివర కొలిచాకే యోకు (క్రాసుని పట్టుకునే రెండు చెవుల ముక్క) తియ్యి. ఒకటీ మూడు ఎనిమిదోవంతుల అంగుళం సైజులోనే ఆరు పళ్ళది 540కి, ఇరవై ఒక్క పళ్ళది 1000కి. ఫోన్‌లో "మామూలుదే" అంటారు. మామూలుదంటూ ఏదీ లేదు.

గ్రీజు దగ్గర అందరూ బద్ధకిస్తారు. గన్ను రెండు నొక్కులు నొక్కి అయిపోయిందంటారు. నాలుగు కప్పుల్లోంచీ పాత గ్రీజు బయటికి రావాలి. మూడింట్లోంచి వచ్చి నాలుగోదాంట్లోంచి రాలేదా, ఆ క్రాసు విప్పు. ఇంకోటి, నేను పదేళ్ళు తప్పుగా నమ్మింది: షాఫ్టు తిన్నగా సున్నా కోణంలో ఉంటే క్రాసు ఎక్కువ కాలం మన్నుతుందనుకున్నాను. సున్నా కోణంలో కప్పుల్లోని సూదుల్లాంటి రోలర్లు దొర్లవు. ఉన్నచోటే ఉండి క్రాసు కాళ్ళ మీద గీతలు తొక్కేస్తాయి. కనీసం ఒక డిగ్రీ అయినా ఉండనీ.

సెకండ్ హ్యాండ్ బ్యాలెన్సింగ్ మిషను కొంటున్నావట. డబ్బు కట్టేముందు ఒక షాఫ్టు బిగించి రీడింగ్ చూడు, ఫ్లాంజి దగ్గర విప్పి సగం చుట్టు తిప్పి బిగించి మళ్ళీ చూడు. తప్పు షాఫ్టుతో పాటు తిరిగితే మిషను మంచిది. ఉన్నచోటే ఉంటే ఆ తప్పు మిషనుదే. షాఫ్టులకి బ్యాలెన్సు జీ 16 గ్రేడు వస్తుందా అని అడుగు. ఆ మాట విన్నాక అమ్మేవాడి మొహం చూడు, సగం సంగతి తెలిసిపోతుంది. ఇక వణుకుతోందని తెచ్చిన ప్రతి షాఫ్టుకీ బరువు ముక్కలు అతికించకు. చుట్టుకి ఒకసారి వణికితే బ్యాలెన్సు. చుట్టుకి రెండుసార్లు వణికితే జాయింట్ల కోణమో, ఫేజో (రెండు చివర్ల యోకుల వరస). ఈ రెండోది తెలుసుకోవడానికి నేను పెద్ద ఖరీదే కట్టాను. మీ అమ్మకి సగమే తెలుసు. నీకు మొత్తం చెప్తాను.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్. నువ్వప్పుడు స్కూలుకెళ్తున్నావు, మంచం కింద దూరి ఏడ్చావు, గుర్తుందా? తెల్లారేసరికి ఊళ్ళో చెట్టన్నది నిలబడి లేదు. భీమిలి రోడ్డు పక్క సరుగుడు తోటలు దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపు పడున్నాయి. పడిన చెట్టుని చౌకగా కొని చిప్స్ చేసి అమ్ముకోవచ్చని ఒక కాంట్రాక్టరు చిప్పరూ ట్రాక్టరూ దింపాడు. రెండోరోజే క్రాసు పోయింది. షాఫ్టు నా దగ్గరికి తెచ్చారు.

కరెంటు లేదు. జనరేటరు మీద లేత్ ఒక్కటే నడుస్తోంది. బయట పదకొండు మంది కూర్చున్నారు. అది చదరపు షాఫ్టు, ఒక చదరపు గొట్టంలోకి ఇంకో చదరపు బారు దూరుతుంది. మామూలుగా విప్పేముందు రెంటి మీదా సెంటర్ పంచ్‌తో ఒక చుక్క కొడతాను. ఆరోజు కొట్టలేదు. సెల్ ఫోన్ టార్చి నోట్లో పెట్టుకుని క్రాసులు మార్చి, బారు గొట్టంలోకి తోసి, అర డబ్బా గ్రీజు పట్టించి పంపేశాను. చదరానికి నాలుగు ముఖాలు. బారు నాలుగు రకాలుగానూ దూరుతుంది, నాలుగుసార్లూ సాఫీగానే దూరుతుంది. వాటిలో రెండే సరైనవి.

మర్నాడు డ్రైవరు వచ్చాడు. "ఏటి మేస్త్రీ, షియర్ బోల్టు పూట కూడా ఆగట్లేదు" అన్నాడు. కొత్తది ఇచ్చాను. సాయంత్రం మళ్ళీ వచ్చాడు. నాలుగు రోజుల్లో ఆరు బోల్టులు. జామ్ అయినప్పుడు షాఫ్టునీ గేర్‌బాక్సునీ కాపాడటానికి తను తెగిపోవాలని పెట్టే మెత్తని బోల్టు అది. చేసే పనంతా అదే. అది అన్నిసార్లు తెగుతోందంటే ఏదో చెప్తోందని నాకు తట్టాలి. కాంట్రాక్టరు ఫోన్లో తిడుతున్నాడు, నాకు టెన్షన్. డబ్బాలోంచి 10.9 రాసున్న గట్టి బోల్టు తీసి "ఇది తెగదు పో" అన్నాను.

నిజంగానే తెగలేదు.

దీపావళికి రెండు రోజుల ముందు ఒక దుంగలో విరిగిన ఇనప గేటు ఊచ దిగబడి ఉంది. తుఫాను గాలికి ఏది ఎందులో దిగిందో ఎవరు చూశారు. డ్రమ్ము ఒక్కసారిగా ఆగింది. బోల్టు తెగలేదు కాబట్టి యోకు చెవి తెగింది. ఒక చివర ఊడిన షాఫ్టు, ఇంకో చివర ట్రాక్టరు తిప్పుతూనే ఉంది. దాని మీద ఉండాల్సిన ప్లాస్టిక్ గార్డు గ్రీజు కొట్టడానికి అడ్డమని ఎప్పుడో తీసి చెట్టు కింద పడేశారు. కొమ్మలు అందిస్తున్న గుంటడికి పందొమ్మిదేళ్ళు. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది.

ఆసుపత్రి నుంచి రాత్రి షాపుకొచ్చాను. అప్పటికి కరెంటు వచ్చింది. విరిగిన షాఫ్టుని ట్యూబులైటు కింద నేల మీద పెట్టి కాలితో దొర్లించాను. లోపలి యోకులు రెండూ ఒకే వరసలో ఉండాలి, ఒకటి నిలువుగా ఉంటే రెండోదీ నిలువుగా. ఇక్కడ ఒక చివర చెవులు నిలువు, ఇంకో చివర అడ్డం. నేనే పెట్టాను అలా.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. వంపు తిరిగిన జాయింటు సమానంగా తిరగదు, చుట్టుకి రెండుసార్లు ముందుకురికి రెండుసార్లు వెనకబడుతుంది. యోకులు వరసలో ఉండి, రెండు చివర్లా కోణం సమానమైతే మొదటి జాయింటు చేసిన తప్పుని రెండోది దిద్దుతుంది. తొంభై డిగ్రీలు తేడాగా పెడితే రెండూ కలిసి ఎక్కువ చేస్తాయి. అక్కడ కోణం 25 డిగ్రీల దాకా ఉంది. ట్రాక్టరు 540 ఇస్తుంటే చిప్పర్ దగ్గర 443 నుంచి 657 దాకా ఊగుతోంది, సెకనుకి 18 సార్లు. బరువైన డ్రమ్ము అలా ఊగనంటుంది, ఆ పంతమంతా మధ్యలో బోల్టు మీద పడింది. చెవిలో అప్పటికే పాత పగులు మొదలై నల్లబడి ఉంది. ఊచ చివరి దెబ్బ మాత్రమే కొట్టింది.

ఆపరేషన్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. మీ అత్తయ్య గాజులు అప్పుడే బ్యాంకుకెళ్ళాయి, అరగదీసి కొత్తవి చేయించామని మీ అమ్మకి చెప్పింది. ఆ అబ్బాయి ఇప్పుడు తగరపువలసలో టిఫిన్ బండి నడుపుతున్నాడు. అటు వెళ్తే ఆగుతాను. డబ్బులు తీసుకోడు. నేను ప్లేటు కింద పెట్టి వచ్చేస్తాను. కొంచెం కుంటుతాడు. చలికాలంలో ఎక్కువ.

అందుకే బుజ్జీ, విప్పేముందు చుక్క. కస్టమరు నెత్తిన కూర్చున్నా, కరెంటు పోయినా, నేనే వచ్చి తొందరపెట్టినా. బోల్టు మాటిమాటికీ తెగితే బోల్టు మార్చకు, షాఫ్టు దొర్లించి చూడు.

ఇక గార్డు. నీ షాపులోంచి గార్డు లేకుండా ఒక్క పీటీవో షాఫ్టు కూడా బయటికి వెళ్ళకూడదు. అడ్డంగా ఉందంటే గ్రీజు నిప్పిల్ ఎదురుగా కిటికీ కోసి ఇవ్వు. షాఫ్టు 8 సెంటీమీటర్ల లావు ఉందనుకో, ఒక చుట్టుకి పావు మీటరు గుడ్డ లాగుతుంది. 540 అంటే సెకనుకి తొమ్మిది చుట్లు. నీ చున్నీ రెండుంపావు మీటర్లు. నువ్వే గుణించుకో. "అయ్యో" అనేలోపు అయిపోతుంది. షెడ్డులో చున్నీ వద్దు. జడ ముడేసుకో, మీ అమ్మ వేసే ఆ పొడుగు జడ కాదు. ముసలాయన చాదస్తం అనుకో, పర్వాలేదు, ముడి మాత్రం వేసుకో. టెస్టింగ్ చేసేటప్పుడు ట్రాక్టరు దగ్గర ఒక మనిషిని పెట్టు, వాడి చెయ్యి క్లచ్ మీదే ఉండాలి, ఫోన్ మీద ఉండకూడదు.

పొడుగు విషయం మర్చిపోయాను. ట్రాక్టరు పూర్తిగా తిరిగి షాఫ్టు బాగా సాగినప్పుడు కూడా బారు మూడోవంతు గొట్టం లోపలే ఉండాలి. ముడుచుకున్నప్పుడు బారు చివర గొట్టం అడుగుకి తగలకూడదు. పొడుగు షాఫ్టు ఆర్డరొస్తే జాగ్రత్త, పొడుగు రెట్టింపైతే అది తట్టుకునే స్పీడు నాలుగోవంతుకి పడిపోతుంది. మధ్యలో బేరింగ్ పెట్టి రెండు ముక్కలు చెయ్యి.

ఆదివారం పొద్దున్నే వస్తాను. నా డయల్ గేజీ, సెంటర్ పంచ్ తెస్తున్నాను. పంచ్ మొన అరిగింది, నీ గ్రైండరు మీద పట్టి ఇస్తాను. గేటు దగ్గరికొచ్చి నిలబడు, ఆటోనగర్‌లో కొత్త బోర్డులన్నీ నాకు ఒక్కలాగే కనపడుతున్నాయి. నీది ఏ రంగో ఇంకా చెప్పలేదు.

మీ మావయ్య