అప్పు తెచ్చిన సొమ్ము ఆటకు పెట్టుబడి కాదు

ప్రశ్న: నా వయసు 32. మాదాపూర్‌లోని ఐటీ సంస్థలో ఉద్యోగం, కొండాపూర్‌లో అద్దె ఇల్లు. జీతం చేతికి 85,000 రూపాయలు వస్తుంది, ఖర్చులు 62,000. భార్య, మూడేళ్ల పాప నా సంపాదన మీదే ఆధారపడ్డారు. పొదుపు 95,000 ఉంది. ఏడాదిగా పుస్తకాలు చదువుతూ, డబ్బు పెట్టకుండా మిత్రులతో పోకర్ అనే పేకాట సాధన చేస్తున్నాను. బ్యాంకు 3 లక్షల వ్యక్తిగత రుణం ఇస్తానంటోంది. అందులో 60,000 శిక్షణకు, మిగతాది గోవా క్యాసినోల్లో ఆడటానికి వాడవచ్చా?

జవాబు: వద్దు. ఈ రుణం తీసుకోకండి. నేర్చుకోవడానికి పెట్టే ఖర్చు అనగానే ఎలాంటి అప్పయినా పెట్టుబడిగా కనిపించడం మీ ఒక్కరి విషయంలోనే జరగడం లేదు, అందుకే దీనికి వివరంగా జవాబు రాస్తున్నాను.

మీ సాధనను నేను తక్కువ చేయడం లేదు. పోకర్‌లో చదువుకు, లెక్కకు నిజంగానే విలువ ఉంది. బల్ల మీద పందెం సొమ్ము 4,000 ఉన్నప్పుడు 1,000 కట్టి కొనసాగాలంటే గెలుపు అవకాశం 20 శాతం దాటితే చాలునని తెలిసినవారు, తెలియనివారి కంటే దీర్ఘకాలంలో మెరుగ్గా ఆడతారు. అయితే ఆ దీర్ఘకాలం చాలా పెద్దది. మీ చేతిలో రెండు ఆసులు, ఎదుటివారి చేతిలో రెండు రాజులు ఉండగా, బల్ల మీద ముక్కలు తెరవకముందే ఉన్నదంతా పందెం కాసినా, వందలో సుమారు 18 సార్లు మీరే ఓడతారు. అంటే ఏ తప్పూ చేయకుండానే నెలల తరబడి నష్టపోవచ్చు. అనుభవజ్ఞులు ఒక్కసారి బల్ల దగ్గర కూర్చోవడానికి పెట్టే సొమ్ముకు కనీసం 20 నుంచి 30 రెట్లు విడిగా ఉంచుకోమనేది ఇందుకే, అదీ పోయినా ఇల్లు కదలని సొమ్ము కావాలి. మీరు తేవాలనుకుంటున్నది అలాంటి సొమ్ము కాదు. ఏటా 16 శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో తీసుకుంటే నెలవారీ వాయిదా సుమారు 10,550 అవుతుంది, వడ్డీయే 80,000 దాకా కడతారు. వాయిదా తేదీ దగ్గరపడినప్పుడు లెక్క ప్రకారం ఆడేవారు అరుదు.

గెలిచినా ఆ డబ్బంతా మీది కాదు. క్యాసినో ప్రతి ఆటలోనూ తన వాటా తీసుకుంటుంది. గెలుపుపై 30 శాతం ఆదాయపు పన్ను, దానిపై సెస్ అనే అదనపు పన్ను ఉంటాయి, ఓడిన సొమ్మును అందులోంచి మినహాయించుకోనివ్వరు. ఇక ఇక్కడే డబ్బుతో ఆడదామన్న ఆలోచన కూడా వద్దు. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి నైపుణ్య ఆటలకున్న మినహాయింపును తొలగించింది, 2025 కేంద్ర చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా ఆన్‌లైన్‌లో డబ్బుతో ఆడించే ఆటలను నిషేధించింది.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీ 95,000. ఒక్క జీతం మీద ముగ్గురు బతికే ఇంటికి ఇది నెలన్నర ఖర్చు. ప్రాజెక్టు ముగిసి, కొత్త ఉద్యోగానికి నాలుగు నెలలు పడితే మూడో నెల అద్దె ఎవరు కడతారు? క్రెడిట్ కార్డు కడుతుందని చాలామంది అనుకుంటారు, అక్కడి నుంచే అప్పుల ఊబి మొదలవుతుంది. మీకు కావలసిన అత్యవసర నిధి ఆరు నెలల ఖర్చు, అంటే 3,72,000. నెలకు 20,000 పక్కన పెడితే లోటు పద్నాలుగు నెలల్లో తీరుతుంది. ఆ నిధిని జీతం పడే ఖాతాలో కాకుండా, సులభంగా తీసుకోగల వేరే డిపాజిట్‌లో ఉంచండి, గోవా ప్రయాణానికైనా, పండుగ ఖర్చుకైనా దాన్ని ముట్టుకోవద్దు. టర్మ్ పాలసీ, అంటే మీకేదైనా జరిగితే కుటుంబానికి సొమ్ము అందే జీవిత బీమా, లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి, కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కనుక సొంత పాలసీ కూడా అవసరం. షేర్లు, ఫండ్ల సంగతి ఆ తర్వాత చూద్దాం.

అంతవరకు పుస్తకాలు, మిత్రులతో డబ్బు లేని ఆట మానాల్సిన పని లేదు. ప్రతి ఆటలో తీసుకున్న నిర్ణయాన్ని, దాని కారణాన్ని నోటు పుస్తకంలో రాసి, వారం చివర తిరగేయండి, దీనికి పైసా ఖర్చు లేదు. నిధి పూర్తయ్యాక కూడా శిక్షణ అవసరమనిపిస్తే, నెలలో మిగిలిన సొమ్ముతోనే కట్టండి. బ్యాంకు రుణ ఆఫర్‌ను ఈ వారమే తిరస్కరించి, జీతం వచ్చిన మరుసటి రోజే 20,000 మళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి.