గాలానికి పెడల్ కయాక్, కెరటానికి తెడ్డు

ఒకే పెడల్ కయాక్ (కాళ్లతో తొక్కి నడిపే సన్నని చిన్న పడవ) కొనుక్కొని గోదావరి వశిష్ఠ పాయలో గాలం వేయడానికీ, అంతర్వేది తీరాన కెరటాల మీద జారడానికీ వాడుకోవచ్చునా అని మీరు అడిగారు. ఆరేళ్లుగా ఈ రెండు పనులూ చేస్తున్నవాడిగా చెబుతున్నాను: చేపల కోసం పెడల్ కయాక్ తప్పకుండా కొనండి, కెరటాల మీదికి మాత్రం దానిని తీసుకుపోకండి.

పడవ లోపల కాక పైనే కూర్చునే ఈ కయాక్ పద్ధతి మన తీరానికి కొత్త కాదు. దుంగలను తాళ్లతో బిగించి కట్టిన తెప్ప మీద కెరటం విరిగితే నీరు దుంగల సందుల్లోంచి జారిపోయేది. ఈ ప్లాస్టిక్ కయాక్‌లో ఆ పనిని అడుగున ఉన్న రంధ్రాలు చేస్తాయి. బోల్తా పడినా నీళ్లు తోడిపోయవలసిన అవసరం లేదు, తిరగేసి పైకెక్కితే చాలు. అందుకే లోపల కూర్చునే రకం కంటే ఇదే మనకు తగినదని నా నమ్మకం.

పెడళ్లలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. హోబీ సంస్థ 1997లో తెచ్చిన మిరాజ్ డ్రైవ్‌లో రెండు రెక్కలు పడవ అడుగున పెంగ్విన్ రెక్కల్లా అటూ ఇటూ ఊగుతూ నీటిని వెనక్కి నెడతాయి. రెండో రకంలో సైకిల్ తొక్కినట్లు తొక్కితే పంకా తిరుగుతుంది. రెక్కల రకంలో పాతవి వెనక్కి నడవవు కనుక కొనే ముందు ఆ సంగతి అడిగి తెలుసుకోండి. గుర్రపుడెక్క పేరుకున్న కాలువలో ఏ రకమైనా చిక్కుకుంటుంది, అక్కడ తెడ్డే గతి. పాయలో మాత్రం పెడల్ విలువ వేరు. గాలానికి తగిలిన పండుగప్ప మడచెట్ల వేర్లలోకి దూరబోయేటప్పుడు, రెండు చేతులతో గాలపు కర్రను పట్టుకొని, కాళ్లతో పడవను నడి ఏటికి నడిపించుకోగలగడం తెడ్డు పడవలో నాకు ఎన్నడూ సాధ్యపడలేదు. కోరంగి అభయారణ్యంలో అనుమతి లేకుండా గాలం వేయకండి.

ఇక కెరటాల సంగతి. రెండో ఏడాది ఒక మధ్యాహ్నం, ఆటు సమయంలో, సాగర సంగమం దగ్గర పెడల్‌ను పైకెత్తకుండానే ఒడ్డుకు రాబోయాను. బయటికి పారే ఏటి నీరు లోపలికి వచ్చే కెరటాలకు ఎదురై వాటిని నిటారుగా లేపుతుందని నాకప్పుడు తెలియదు. పడవ అడ్డం తిరిగింది, ఇసుక మేట తగిలి రెక్క ఇరుసు వంగిపోయింది, కట్టని గాలపు కర్రలు రెండూ పోయాయి. పడవకూ ఒడ్డుకూ నడుమ నేను పడ్డాను. తరువాతి కెరటం ఆ బరువైన పడవను నా భుజం మీదికి విసిరింది. అప్పటి నుంచి కెరటాలు విరిగే చోటుకు చాలా ముందే ఆగి, పెడల్‌నూ చుక్కానినీ పైకెత్తి, సామాను కట్టేసి, తెడ్డు చేతబట్టుకొని పోటు వేళలోనే లోపలికి వస్తున్నాను. పడవ అడ్డం తిరిగితే ఒడ్డు వైపు కాక కెరటం వైపే ఒరిగి, తెడ్డును కెరటంలోనే ఆనించాలి. పడిపోతే పడవకు సముద్రం వైపున ఉండాలి. లైఫ్ జాకెట్ గురించి వేరే చెప్పనక్కరలేదు.

కెరటాల మీద జారాలని నిజంగా ఉంటే, పెడల్ లేని, తేలికైన, పొట్టి కయాక్‌ను విడిగా తీసుకోండి, ఏరు సముద్రంలో కలిసే మొగకు దూరంగా ఇసుక తీరం ఎంచుకోండి. వెడల్పాటి చేపల పడవ నీటి మీద నిలకడగా ఉంటుంది గానీ కెరటం మీద మాట వినదు.

వరద నెలల్లో ధవళేశ్వరం నీటిమట్టం చూడకుండా పాయలోకి దిగకండి. అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల వద్ద ఇస్తారు. నేనైతే నీరు ఎర్రబడి దుంగలు కొట్టుకు రావడం మొదలైన రోజునే పడవను గట్టు మీదికి ఎక్కించేస్తాను.