పెద్దవాళ్లతో అలాస్కా క్రూయిజ్‌కు వెళ్తే ఓడలో ఏ గది తీసుకోవాలి?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. గుంటూరు నుంచి వస్తున్న మీ అమ్మగారిని, నాన్నగారిని జూన్‌లో సియాటిల్ నుంచి బయలుదేరే ఏడు రాత్రుల అలాస్కా క్రూయిజ్‌కు తీసుకువెళ్లాలనుకుంటున్నారు. నలుగురికి రెండు గదులు కావాలి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులున్నాయి, బస్సు ప్రయాణంలోనే కళ్లు తిరుగుతాయి. రెండూ బాల్కనీ గదులే తీసుకోవాలా, లేక "గదిలో ఉండేది పడుకోవడానికే కదా" అని స్నేహితులు చెబుతున్నట్టు రెండూ కిటికీ లేని లోపలి గదులు తీసుకుని డబ్బు మిగుల్చుకోవాలా అన్నది మీ సందేహం. నేను ఇదే మార్గంలో రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి మేమిద్దరమే, రెండోసారి మా అమ్మానాన్నలతో కలిసి. మొదటిసారి గది విషయంలో దెబ్బ తిన్నాను కాబట్టి రెండోసారి కొంచెం కష్టపడి వెతికాను.

ముందుగా నా సలహా చెప్పేస్తాను. పెద్దవాళ్లకు ఒక బాల్కనీ గది, నడవాకు అవతలి వైపు సరిగ్గా దానికి ఎదురుగా మీకు ఒక లోపలి గది తీసుకోండి. రెండూ ఓడ మధ్యభాగంలో, పై అంతస్తులోనూ కింది అంతస్తులోనూ గదులు మాత్రమే ఉన్న చోట ఉండాలి. లోపలి గదా, కిటికీ గదా, బాల్కనీ గదా అన్న రకం గురించి అందరూ ఆలోచిస్తారు గానీ, ఆ గది ఓడలో ఎక్కడ ఉందన్నది అంతకంటే ముఖ్యమని నా అనుభవం.

"పడుకోవడానికే కదా" అన్న మాట మన వయసు వాళ్లకు సరిపోతుంది. మా నాన్న తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తారు. మధ్యాహ్నం భోజనం చేశాక ఇద్దరికీ ఒక కునుకు పడాలి. సాయంత్రం ఓడలో జరిగే పాటలు, నాటకాలు, కేసినో సందడి వాళ్లకు ఒక్కరోజుతోనే మొహం మొత్తింది. మేము మెలకువగా ఉండి గదిలో గడిపింది రోజుకు గంటో, గంటన్నరో అయితే, వాళ్లు గడిపింది ఏడెనిమిది గంటలు. కిటికీ లేని గదిలో దీపం ఆర్పితే అరచెయ్యి కూడా కనిపించదు, పగలో రాత్రో తెలియదు. అలాంటి గదిలో నాలుగున్నరకు లేచిన మనిషి దీపం వేసి పక్కవాళ్ల నిద్ర చెడగొట్టాలి, లేదా చీకట్లో కూర్చోవాలి. జూన్ మూడో వారంలో అలాస్కా రాజధాని జూనో దగ్గర ఉదయం నాలుగు గంటలకే సూర్యుడు ఉదయిస్తాడు, రాత్రి పది దాటాక అస్తమిస్తాడు. మా నాన్న శాలువా కప్పుకుని, తడిసిన కుర్చీని తువ్వాలుతో తుడుచుకుని, బాల్కనీలో కూర్చుని ఆ వెలుతురంతా అనుభవించారు. మూడో రోజు ఉదయం ఐదింటికి మా తలుపు దబదబా బాదారు. ఏం ప్రమాదమో అని పరుగెత్తితే, నీళ్ల మీద తిమింగలం ఆవిరి చిమ్మడం చూపించడానికి పిలిచారట. మేం వెళ్లేసరికి తోక మాత్రం కనిపించింది. గదులు ఎదురెదురుగా లేకపోతే అది కూడా దక్కేది కాదు.

మాకు అప్పట్లో బాల్కనీ గది ధర లోపలి గదికి దాదాపు రెట్టింపు పలికింది. రెండు బాల్కనీలకు పెట్టే డబ్బులో దాదాపు పావు వంతు మిగిలింది, అయినా బాల్కనీ మాత్రం నలుగురిదీ అయింది. సాయంత్రం నలుగురం అక్కడే చేరేవాళ్లం, రాత్రి మేము మా చీకటి గదికి వెళ్లి హాయిగా పడుకునేవాళ్లం. పది దాటినా వెలుతురు తగ్గని ఆ కాలంలో నిద్రకు లోపలి గది నిజంగా బాగుంటుంది.

ఇక మొదటిసారి జరిగిన పొరపాటు. చవకగా వస్తుందని గ్యారంటీ పద్ధతిలో లోపలి గది తీసుకున్నాం. ఈ పద్ధతిలో మనం గది రకానికి మాత్రమే డబ్బు కడతాం, గది నంబరు కంపెనీవాళ్లు తమకు వీలైనప్పుడు, తమకు మిగిలిన వాటిలోంచి ఇస్తారు. మాకు వచ్చిన గది సరిగ్గా బఫే హాలు కింద ఉంది. ఉదయం ఐదు కాకముందే నెత్తి మీద కుర్చీలు ఈడ్చడం, బల్లలు జరపడం, చక్రాల బండ్లు దొర్లించడం మొదలయ్యేవి. మంచం మీద పడుకుని వింటే ఏ కుర్చీ ఏ మూల నుంచి ఏ మూలకు వెళ్తోందో చెప్పగలిగేంత స్పష్టంగా వినిపించేది. మార్చమని అడిగితే ఓడ నిండిపోయిందన్నారు, అది అబద్ధం కూడా కాదు. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు గ్యారంటీ గది జోలికి పోవద్దు. ఇంకో చిక్కు ఏమిటంటే, రెండు గదులు ఆ పద్ధతిలో తీసుకుంటే ఒకటి ముందు కొసన, ఒకటి వెనక కొసన వచ్చినా అడిగే హక్కు ఉండదు. మూడు వందల మీటర్ల పొడవున్న ఓడలో ఆ దూరం మోకాళ్ల నొప్పుల మనిషికి చిన్నది కాదు.

కాబట్టి డెక్ ప్లాన్ చూడడం నేర్చుకోండి. ప్రతి ఓడకూ అంతస్తుల వారీగా పటం కంపెనీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. మీకు నచ్చిన గది నంబరు ఎంచుకుని, దాని పై అంతస్తు పటం, కింది అంతస్తు పటం తెరిచి, అదే చోట ఏముందో చూడండి. పైన బఫే, ఈత కొలను, నడక దారి, జిమ్ ఉంటే వదిలేయండి. కింద నాటకశాల, బార్, డ్యాన్సు హాలు ఉంటే అర్ధరాత్రి దాకా నేల దడదడలాడుతుంది. పటంలో పేరూ నంబరూ లేకుండా ఖాళీగా వదిలేసిన తెల్లటి చోట్లను కూడా అనుమానించాలి. ఓడలో ఖాళీ స్థలమంటూ ఉండదు. అవి సాధారణంగా సిబ్బంది సామాను గదులో, వంటవాళ్లు తిరిగే దారులో అయి ఉంటాయి, తలుపులు రాత్రంతా కొట్టుకుంటూనే ఉంటాయి. కింది అంతస్తుల్లో మరీ ముందు భాగంలో ఉన్న గదులకు మరో బాధ ఉంది. రేవుకు చేరేటప్పుడు ఓడను పక్కకు జరిపే యంత్రాలు అక్కడే ఉంటాయి, లంగరు గొలుసు కూడా అక్కడి నుంచే దిగుతుంది. ఉదయం ఆరింటికి ఓడ రేవుకు చేరుతుందంటే, ఐదున్నరకే మంచం వణకడం మొదలవుతుందని లెక్క.

మధ్యభాగం ఎందుకంటే, అమ్మగారి కళ్లు తిరగడం కోసం. అలల మీద ఓడ ఊయల బల్లలా ముందూ వెనకా లేచి పడుతుంది, కొసల్లో ఉన్నవాళ్లకు ఆ ఊపు ఎక్కువ, నడుమ ఉన్నవాళ్లకు తక్కువ. పక్కలకు ఒరగడం పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ తెలుస్తుంది. ఆర్టీసీ బస్సులో వెనక సీటుకూ, మధ్య సీటుకూ ఉన్న తేడా మీ అమ్మగారికి చెప్పనక్కర్లేదు కదా, ఇదీ అంతే. అలాస్కా అంటే రెండు కొండల మధ్య నిశ్చలంగా ఉండే నీళ్లే అందరి కళ్లలో మెదులుతాయి, కానీ సియాటిల్ నుంచి బయలుదేరే ఓడల్లో చాలా వరకు హువాన్ డి ఫ్యూకా జలసంధి దాటి, వాంకూవర్ దీవికి పడమటి వైపు నుంచి, అంటే పసిఫిక్ మహాసముద్రంలోంచే ఉత్తరానికి వెళ్తాయి. అందువల్ల మొదటి రాత్రి, మర్నాడు పగలు ఊపు తప్పదు. దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న ప్రశాంతమైన దారిన పోయేవి ఎక్కువగా వాంకూవర్ నుంచి బయలుదేరే ఓడలు. మా అమ్మకు ఆ మొదటి రోజు బాల్కనీయే మందులా పనిచేసింది. దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ కూర్చుంటే తల తిరగడం తగ్గిందని చెప్పింది. లోపలి గదిలో ఆ గీత ఉండదు. వికారం తగ్గించే మాత్రల సంగతి ఇండియా నుంచి బయలుదేరే ముందే, ఆమె వాడుతున్న బీపీ మందుల వివరాలు చెప్పి డాక్టరును అడిగించండి.

మోకాళ్ల కోసం చూడవలసింది ఎవరూ చెప్పరు. మామూలు గదుల్లో స్నానాల గది గుమ్మానికి బెత్తెడో ఇంకొంచెమో ఎత్తున్న గడప ఉంటుంది, నీళ్లు గదిలోకి రాకుండా. రాత్రిపూట రెండు మూడుసార్లు లేచే పెద్దవాళ్లు, ఓడ ఊగుతుండగా, నిద్ర కళ్లతో ఆ గడప దాటాలి. మా అమ్మ రెండో రాత్రే కాలు తన్నుకుంది. అదృష్టవశాత్తూ తలుపు పట్టుకుని నిలబడింది. అప్పటి నుంచి స్నానాల గది దీపం ఆర్పకుండా తలుపు ఓరగా వేసి ఉంచాం. మీరు చిన్న రాత్రి దీపం ఒకటి వెంట తీసుకువెళ్లండి. నిజంగా వీల్‌చెయిర్ లేదా వాకర్ అవసరమైన వాళ్ల కోసం గడప లేని, లోపల పట్టుకునే కమ్మీలున్న గదులు కొన్ని ప్రత్యేకంగా ఉంటాయి. అవి చాలా తక్కువ, త్వరగా అయిపోతాయి. మీ అమ్మగారికి ఆ అవసరం ఉంటే ఇప్పుడే ఫోను చేసి అడగండి, లేకపోతే అవసరమున్నవాళ్లకు వదిలేయండి. లిఫ్టు విషయంలో, దానికి ఆనుకుని ఉన్న గది వద్దు, నాలుగైదు గదుల అవతల ఉన్నది మేలు. లిఫ్టు చప్పుడు కంటే దాని ముందు నిలబడి మాట్లాడుకునే జనం చప్పుడే ఎక్కువ.

ఎడమ వైపా, కుడి వైపా అని కూడా చాలామంది అడుగుతారు. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగేటప్పుడు దీని గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. వెళ్లేటప్పుడు తీరం కుడి వైపు ఉంటే, వచ్చేటప్పుడు ఎడమ వైపు ఉంటుంది. హిమానీనదాలు సముద్రంలోకి దిగే గ్లేసియర్ బే అనే అఖాతం లోపలికి రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ ఓడలనే అనుమతిస్తారు కాబట్టి అక్కడ తొందర లేదు. మార్జరీ హిమానీనదం ముందు ఓడ నిలిచి, అన్ని వైపుల వాళ్లకూ కనబడేలా మెల్లగా తిరుగుతుంది. మంచు పగిలి నీళ్లలో పడ్డప్పుడు ముందు కనిపిస్తుంది, ఉరుము లాంటి శబ్దం ఆ తర్వాత వస్తుంది. వాంకూవర్‌లో ఎక్కి ఉత్తరాన విట్టియర్‌లోనో, సీవార్డ్‌లోనో దిగే ఒకవైపు ప్రయాణమైతే మాత్రం కుడి వైపు గదికి కాస్త ఎక్కువ పెట్టినా తప్పులేదు.

బాల్కనీ అని రాసి ఉన్నదల్లా మనం అనుకున్న బాల్కనీ కాదని కూడా గుర్తుంచుకోవాలి. కొన్నింటికి ఎదురుగా ప్రాణరక్షక పడవలు వేలాడుతుంటాయి. అలాంటివి చూపు అడ్డుపడే గదులు అని చిన్న అక్షరాల్లో రాసి, కాస్త తక్కువ ధరకు ఇస్తారు. పూర్తిగా అడ్డమైతే దండగ, కింది సగమే అడ్డమైతే మంచి బేరం. అలాస్కాకు రావు గానీ, రేపు కరీబియన్‌కు వెళ్దామనుకుంటే, 2009లో వచ్చిన ఓయాసిస్ ఆఫ్ ద సీస్ తరహా ఓడల్లో కొన్ని బాల్కనీలు సముద్రం వైపు కాకుండా, ఓడ నడుమ ఉన్న తోట వైపు తెరుచుకుంటాయి. తోట బాగానే ఉంటుంది, కానీ సముద్రం చూద్దామని వెళ్లినవాళ్లు మొదటి రోజు గొడవ పడతారు. మన బాల్కనీకి కూడా రేవుల్లో ఒక్కోసారి దృశ్యం ఏమీ ఉండదు. స్కాగ్వేలో మా గదికి ఎదురుగా కొండ బండ మాత్రమే ఉంది. దాని నిండా అక్కడికి వచ్చిన ఓడల పేర్లు రంగులతో రాసి ఉన్నాయి. మా నాన్న వాటిని ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివి, "ఇక్కడా గోడల మీద రాతలేనా" అని నవ్వారు.

పక్క గదికి మధ్య తలుపు ఉన్న గదులు, రెండూ మీవే అయితే తీసుకోండి. అవతల పరాయివాళ్లుంటే వాళ్ల టీవీ, వాళ్ల తగాదాలు అన్నీ మీకు వినిపిస్తాయి. డెక్ ప్లాన్‌లో అలాంటి గదులకు గుర్తు ఉంటుంది. నలుగురూ ఒకే గదిలో సర్దుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. గోడలోంచి దించే పై మంచం మీదికి నిచ్చెన ఎక్కాలి, స్నానాల గది ఒక్కటే. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. పెద్ద సూట్లలో నేను ఎప్పుడూ ఉండలేదు కాబట్టి వాటి గురించి మాట్లాడను.

బుక్ చేశాక కూడా, చివరి వాయిదా కట్టే తేదీ వచ్చేదాకా వారానికొకసారి ధర చూస్తూ ఉండండి. అదే గది ధర తగ్గితే, అమెరికాలో బుక్ చేసినవాళ్లకు చాలా కంపెనీలు ఆ తేడా సర్దుతాయి, అయితే వాళ్లంతట వాళ్లు చెప్పరు, మనమే అడగాలి. అడిగేటప్పుడు మెరుగైన గదికి ఉచితంగా మారుస్తామని ఆశ చూపితే, గది నంబరు చెప్పకుండా ఒప్పుకోకండి. మనం ఏరుకున్న మధ్యభాగం పోయి, ముందు కొసన పెద్ద గది రావచ్చు.

చివరగా కాఫీ సంగతి, ఇది కూడా గది ఎంపికకు సంబంధించినదే. నీళ్లు కాచే కెటిల్, రైస్ కుక్కర్ లాంటి వేడి పరికరాలు ఓడలోకి తీసుకువెళ్లనివ్వరు. ఎక్కేటప్పుడే తీసి పక్కన పెట్టి, దిగేటప్పుడు ఇస్తారు. మా అమ్మ పెట్టెలో పెట్టుకున్న చిన్న కుక్కర్ అలాగే వారం రోజులు వాళ్ల దగ్గర విశ్రాంతి తీసుకుంది. వేడి నీళ్లు బఫే హాల్లో దొరుకుతాయి. అందుకే రెండోసారి బఫేకు సరిగ్గా కింద కాకుండా, దానికి మూడంతస్తుల కింద, లిఫ్టుకు ఐదు గదుల దూరంలో తీసుకున్నాం. మా నాన్న రోజూ ఫ్లాస్కు పట్టుకుని లిఫ్టులో పైకి వెళ్లి, అమ్మ లేచేలోపు వేడి నీళ్లు తెచ్చేవారు. కాఫీ పొడి ప్యాకెట్టు విప్పకుండా తీసుకువెళ్తే ఎవరూ ఏమీ అనలేదు.