ప్రశ్న–జవాబు: పొరల పలకలో వేడి అంత తొందరగా ఎలా దాటింది?

ప్రశ్న: పొడవు 1 ఉన్న పలకలో 1, 100 వాహకతలున్న (వాహకత అంటే వేడిని మోసే శక్తి) పొరలు ఒకదాని తర్వాత ఒకటి ఉన్నాయి. ఒక్కో పొర మందం 0.0005, ఉష్ణధారణ (వేడిని నిలవ చేసుకునే శక్తి) అంతటా 1. ఉష్ణ సమీకరణాన్ని 50 సరళ ఫైనైట్ ఎలిమెంట్లతో (పలకను 50 ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఉష్ణోగ్రత సరళరేఖలా మారుతుందనుకుని) సాధిస్తే వేడి అవతలి చివరికి మరీ తొందరగా చేరుతోంది. మెష్ (ఈ ముక్కల విభజన) సన్నం చేస్తే లెక్క తెమలడం లేదు. దారేమిటి?

జవాబు: తప్పంతా సగటులో ఉంది. మీ ఎలిమెంటు పొడవు 0.02. అందులో 20 జతల పొరలు ఇమిడిపోయాయి. సరళ ఎలిమెంటు వాటి వాహకతకు అంకమధ్యమం, అంటే 50.5, తీసుకుంటుంది. కానీ వేడి ప్రతి పొరనూ దాటుకుంటూ వెళ్లాలి, కాబట్టి కూడేవి నిరోధాలు. ఇక్కడ కావలసింది హరాత్మక మధ్యమం (విలోమాల సగటుకు విలోమం): 200ను 101తో భాగిస్తే 1.98. మీ లెక్కలో పలక 25 రెట్లు ఎక్కువగా వేడిని మోస్తోంది!

మెష్ సన్నం చేస్తే ఏమవుతుందో చూడండి. ఒక జతకు 10 బిందువులంటే అంతరం 0.0001. ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో (ఇప్పటి విలువల నుంచే తర్వాతి క్షణం విలువలు కట్టే పద్ధతి) టైమ్ స్టెప్ ఆ అంతరం వర్గాన్ని గరిష్ఠ వాహకతకు రెట్టింపుతో భాగించినంతకు మించకూడదు. అంటే 2,000 కోట్లలో ఒక వంతు. ఒక్క యూనిట్ కాలానికి 2,000 కోట్ల అడుగులు! అదే 0.02 మెష్ మీద 1.98 పెడితే 10,000 అడుగులు చాలు.

ఆ 1.98ని చేత్తో కట్టలేని చోట గణితజ్ఞులు వైనాన్ ఈ (Weinan E), బ్యోర్న్ ఎంగ్‌క్విస్ట్ 2003లో ప్రతిపాదించిన హెటిరోజీనియస్ మల్టీస్కేల్ మెథడ్ పనికొస్తుంది. ముతక మెష్‌లోని ప్రతి క్వాడ్రేచర్ బిందువు (ఎలిమెంటు మీద సమాకలనం కోసం విలువలు తీసుకునే చోటు) చుట్టూ ఒక చిన్న గడి తీసుకోండి. గడి అంచుల మీద సరళ ఉష్ణోగ్రత పెట్టి, గడి లోపల సన్నని మెష్‌తో స్థిరస్థితి సమస్య సాధించండి. సగటు ఫ్లక్స్‌ను (వేడి ప్రవాహాన్ని) సగటు గ్రేడియంట్‌తో (దూరంతో ఉష్ణోగ్రత మారే రేటుతో) భాగిస్తే అక్కడి ప్రభావ వాహకత వస్తుంది. వాహకత కాలంతో మారకపోతే ఈ పని మొదట్లో ఒక్కసారే. ఉష్ణధారణ కూడా పొరపొరకూ మారితే దానికి మాత్రం అంకమధ్యమమే సరైనది.

ఎక్కువమంది చిక్కుకునేది గడి పరిమాణం దగ్గర. గడిలో ఒకటిన్నర జతలు పట్టాయనుకోండి. 1, 100, 1 వరసైతే 1.49, 100, 1, 100 వరసైతే 2.94 వస్తుంది. రెండూ తప్పే. గడిని పదిన్నర జతలకు పెంచితే 1.89, 2.08, తప్పు 5 శాతం లోపే. జత పొడవు తెలిస్తే గడిని సరిగ్గా దానికి పూర్ణ గుణిజంగా తీసుకోండి, ఈ దోషం పూర్తిగా పోతుంది. తెలియకపోతే గడిని పెంచుతూ పోయి, విలువ నిలకడగా ఉందో లేదో చూడాలి.

రెండు దిశల కోడ్ రాశాక 1, 100 వాహకతల చదరంగపు గళ్ల మీద తప్పక పరీక్షించండి. గడి అంచుల మీద సరళ ఉష్ణోగ్రతకు బదులు పీరియాడిక్ షరతు (ఎదురెదురు అంచులు ఒకదానికొకటి అతికినట్టు) పెడితే జవాబు గుణమధ్యమం, కచ్చితంగా 10 రావాలి. గళ్ల మూలల దగ్గర గ్రేడియంట్ విపరీతంగా పెరుగుతుంది కాబట్టి మెష్ సన్నం చేసినా 10కి నెమ్మదిగానే చేరుతుంది, కంగారుపడకండి.

ఇలా వచ్చిన ముతక ఉష్ణోగ్రతను నమ్మవచ్చు, దాని గ్రేడియంట్‌ను నమ్మకూడదు. అసలు గ్రేడియంట్ 1 వాహకత పొరలో 100 వాహకత పొరకన్నా 100 రెట్లు ఉంటుంది. అది కావాలంటే గడి సమస్య పరిష్కారాన్ని మళ్లీ ముతక జవాబుకు జోడించాలి.