పాఠకుల ప్రశ్నలు: తోలు కప్పుకొని తిరిగే మనిషి

ప్రశ్న: అమెరికాలోని నవహో ప్రజలు భయపడే ‘స్కిన్‌వాకర్’ గురించి వీడియోలు చూశాను. అది మారీచుని వంటి కామరూపియా, లేక మా వైపు పెద్దలు చెప్పే చేతబడి వ్యవహారమా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చేతబడికే దగ్గర. మారీచుడు బంగారు లేడి అయినది రాక్షసమాయతో. నవహో కథల్లోని రూపధారి మాత్రం మొదటినుంచీ మనిషే, అదీ పొరుగింట్లోనో సొంత కుటుంబంలోనో ఉండే మనిషి. వారి భాషలో ‘యీ నాల్‌ద్లూషీ’ అనే ఇతడు తోడేలు తోలో, కయోటీ (తోడేలును పోలిన చిన్న అడవి జంతువు) తోలో కప్పుకొని నాలుగు కాళ్లపై పరుగెత్తుతాడని, రాత్రివేళ ‘హోగన్’ అనే ఇంటి పైకెక్కి, పొగ పోయే కంతలోంచి శవాల నుంచి చేసిన పొడిని లోపలికి జారవిడుస్తాడని, అది సోకినవారు నానాటికీ క్షీణిస్తారని చెబుతారు. మృతదేహాన్ని తాకడానికే జంకే సమాజంలో ఇంతకు మించిన అపచారం ఊహించడం కష్టం.

ఈ విద్య పట్టుబడాలంటే తోబుట్టువునో, మరో దగ్గరి బంధువునో చంపాలన్న షరతు కూడా ఆ కథల్లో ఉంది. రూపం మారడం కన్నా నాకు ఇదే ముఖ్యంగా తోస్తుంది. ఎందుకంటే తల్లి వంశం ద్వారా బాంధవ్యాలను లెక్కించి, ఆ బాంధవ్యమే జీవితానికి ఆధారమనుకునే ప్రజలు, రక్తసంబంధాన్ని తెంచుకున్నవాడికి మనిషి రూపం మిగలదని భావించడంలో వింత లేదు. రాత్రి గాయపడిన జంతువు జాడ వెంట వెళితే, తెల్లవారి అదే గాయంతో తెలిసిన మనిషే కనిపించాడనే కథలు కూడా అక్కడ తరచుగా వినిపిస్తాయి.

భయం కథల్లోనే ఆగలేదు. 1864లో అమెరికా సైన్యం నవహోలను వందల మైళ్లు నడిపించి న్యూమెక్సికోలోని బోస్కే రెడోండోలో నిర్బంధించింది. 1868 ఒప్పందంతో వారు స్వస్థలానికి తిరిగివచ్చినా లేమి వెన్నాడింది. ఆ తరువాత 1878లో మంత్రగాళ్లన్న అనుమానంతో తమవారినే కొందరిని చంపారు. ఈ నమ్మకాలపై 1944లో అధ్యయనం ప్రచురించిన మానవశాస్త్రవేత్త క్లైడ్ క్లకాన్, బయటకు చెప్పుకోలేని కోపాలకు, ఆందోళనలకు ఇవి దారి చూపుతాయని వివరించారు. మన దగ్గర బాణామతి, చేతబడి నెపంతో పళ్లు పీకిన, ప్రాణాలు తీసిన ఘటనలు తెలిసిన ఉత్తర తెలంగాణ పాఠకులకు ఈ వివరణ కొత్తగా ఉండదు; అనుమానం ఎక్కువగా ఒంటరి వృద్ధుల మీదికో, భూమి తగాదా ఉన్న దాయాదుల మీదికో మళ్లడం మనమూ చూసినదే.

ప్రశ్న: నవహోలు ఈ విషయం బయటివారితో మాట్లాడరంటారు. మరి ‘స్కిన్‌వాకర్ రాంచ్’ అని అంత ప్రచారం ఎందుకు?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: మాట్లాడరన్నది చాలావరకు నిజమే. పేరెత్తితే కీడును పిలిచినట్లవుతుందన్న భయం ఒకటి. తమ నమ్మకం ఇతరులకు వినోదం కావడం ఇష్టంలేకపోవడం మరొకటి. అక్కడ కథ చెప్పడానికీ కాలనియమం ఉంది: కయోటీ కథలను పాములు, ఎలుగులు నిద్రించే చలికాలంలోనే చెబుతారు. మీరన్న రాంచ్, అంటే పశువుల క్షేత్రం, యూటా రాష్ట్రపు ఉత్తర భాగంలో, యూట్ అనే మరో మూలవాసి ప్రజల భూముల పక్కన ఉంది. నవహోల స్వపరిపాలన ప్రాంతమైన ‘నవహో నేషన్’ ఆ రాష్ట్రపు దక్షిణ కొసను మాత్రమే తాకుతుంది. కాబట్టి ఆ రాంచ్ చుట్టూ అల్లుకున్న ఎగిరే పళ్లేల కథలను నవహోల నమ్మకంగా తీసుకోనక్కరలేదు.